గోడలో గూడు

గుంటూరులో అద్దె ఇంటి కోసం వెళ్తే మొదట అడిగేది పేరు కాదు. ఎంతమంది ఉంటారు, ఏం చేస్తుంటారు అని అడుగుతారు. పత్రికలో పని అని చెబితే కుర్చీ వేస్తారు. మంచినీళ్లు వస్తాయి. మా తెలుగు విని తెనాలి వైపు వాళ్లమా, చీరాల వైపు వాళ్లమా అని ఊహిస్తారు. పేరు అన్నిటికంటే చివర వస్తుంది. పేరు చెప్పాక ఆ ఇంటాయన ఒకసారి లోపలికి వెళ్లి వస్తాడు. వచ్చి, "మా అబ్బాయి వాళ్లు హైదరాబాదు నుంచి వచ్చేస్తారేమోనండీ, ఇంకా ఏమీ అనుకోలేదు" అంటాడు. గేటుకు 'టు లెట్' బోర్డు మాత్రం అలాగే వేలాడుతుంటుంది. ఇంకోచోట "మేం నీచు వండనివ్వమండీ" అన్నారు. నిన్నమొన్నటిదాకా ఆ వాటాలో ఉండి వెళ్లినవాళ్లు శాకాహారులేమీ కారని ఎదురుగా ఉన్న ఇస్త్రీ బండి అతనే మాకు చెప్పాడు.

ఇవి కొత్త సంగతులు కావు. ఇది చదివే ముస్లిములకు చెప్పనక్కర్లేదు. ముస్లిమేతర మిత్రులకు చెబితే "అందరూ అలా ఉండరు కదా" అంటారు. నిజమే. ఇప్పుడు మేము ఉంటున్న ఇల్లు ఇచ్చినాయన ముస్లిం కాదు. మేము చెప్పదలచుకున్నది ఇంటి యజమానుల గురించి కాదు. అలా ఒక గేటు దాటి బయటికి వచ్చిన ప్రతిసారీ మాలో మొదలయ్యే వాదన గురించి. ఈ నేల మీద మేమెన్ని తరాల నుంచి ఉన్నాం, మా ముత్తాతల గోరీలు ఏ ఖబరస్తాన్‌లో ఉన్నాయి, ఏ మునసబు దస్త్రంలో మా వాళ్ల పేర్లుండేవి అని దారి పొడుగునా మనసులో సాక్ష్యాలు పోగేసుకుంటాం. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు అటక మీది ట్రంకుపెట్టెలు దించి కాగితాలు వెతికినట్టే ఇదీను.

చాలాకాలం ఆ వాదన మాకు సరైనదే అనిపించింది. మొదటినుంచీ ఉన్నాం కాబట్టి ఈ ఇల్లు మాదీ అవుతుంది. అయితే ముందుండటమే హక్కుకు ఆధారమైతే, మాకంటే ముందున్నవాళ్ల మాటేమిటి? ఈ ప్రశ్న మాకు పుస్తకాల్లో ఎదురు కాలేదు. మా నానీ ఇంటి గుమ్మం దగ్గర ఎదురైంది.

*

నానీ వాళ్ల ఊరు కృష్ణకు దక్షిణాన, నల్లరేగడి మధ్యన ఉంటుంది. మట్టిగోడల పెంకుటిల్లు. వసారాలో నాపరాళ్లు పరిచి ఉండేవి. మిరప కోతల కాలంలో ఊళ్లోకి అడుగు పెట్టగానే తుమ్ములు మొదలయ్యేవి. మా నానా గుంటూరులో ఒక మిరపకాయల కమీషన్ కొట్లో గుమస్తా. ఆ ఇల్లు ఆయన కట్టింది కాదు. ఒక వైశ్య కుటుంబం వ్యాపారం కోసం గుంటూరు చేరుతూ అమ్మితే 1950లలో కొన్నారు. వాళ్లకంటే ముందు కరణాలుండేవారని చెప్పుకునేవారు. అంతకు ముందు సంగతి ఎవరికీ తెలియదు.

నడవ గోడలో ఒక గూడు ఉండేది. దీపపు గూడు. ఎన్ని తరాల నూనె ఆ గోడలోకి ఇంకిపోయిందో గాని, ఎన్నిసార్లు సున్నం కొట్టినా మరక మళ్లీ పైకి వచ్చేది. రంజాన్‌కు ముందు నానీ ఇల్లంతా సున్నం వేయించేది. పండుగ నాటికి గూడు తెల్లగా ఉండేది. బక్రీద్ నాటికి మళ్లీ గోధుమరంగు మరక, దాని పైన మసి నీడ. ఆ గూట్లోనే ఖురాన్‌ను ఆకుపచ్చ జుజ్దాన్‌లో చుట్టి పెట్టేది. ఆ మరక మీద ఆమెకు కోపం ఉన్నట్టు మేమెప్పుడూ చూడలేదు. "యే చిరాగ్ కా ఘర్ హై" అనేది. ఇది దీపం ఇల్లు అని.

మేము బాగా గుర్తుంచుకున్న రెండోది, ద్వారబంధం. పాత టేకుది. అటూ ఇటూ తీగలు, పువ్వులు చెక్కి ఉండేవి. పైకమ్మి నడుమ మాత్రం జానెడు మేర ఏమీ లేదు. అక్కడ నున్నగా, కొంచెం పల్లంగా ఉండేది. మామూ భుజాల మీదికెక్కి ఆ నున్నటి చోటును తడమటం మా చిన్నప్పటి ఆటల్లో ఒకటి. అక్కడేముండేదో మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఆ ఇల్లు మాకు దక్కలేదు. మా మామూలు కౌలుకు పత్తి వేశారు. 1980లలో గుంటూరు, ప్రకాశం జిల్లాలకు పత్తి డబ్బు చూపించింది. 1987-88లో తెల్లదోమ ఆ డబ్బును తిరిగి తీసుకుపోయింది. పంటకు కొట్టాల్సిన మందును రైతులు తాగి చనిపోవటం ఈ ప్రాంతం అప్పుడే చూసింది. పదేళ్లకు, 1997-98లో, అదే కథ మళ్లీ వరంగల్ దాకా నడిచింది. మా పెద్దమామూ బతికి బయటపడ్డాడు. ఇల్లు మాత్రం పురుగుమందుల కొట్టు బాకీ కింద 1998లో అమ్ముడుపోయింది. కొన్నది అదే ఊరి రైతు కుటుంబం. అవసరం తెలిసి కూడా ధర తగ్గించలేదు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది.

పాతికేళ్ల తర్వాత మా చెల్లెలితో కలిసి ఆ ఊరు వెళ్లాం. ఇంటి పెద్దావిడ మమ్మల్ని పోల్చుకోలేదు గాని, నానా పేరు చెప్పగానే "గుమస్తా సాయిబు గారి మనవళ్లా, రండి నాయనా" అని కాళ్లకు నీళ్లిచ్చింది. నడవలో కూర్చోబెట్టి టీ పెట్టటానికి లోపలికి వెళ్లింది. గూడు అక్కడే ఉంది. మరకా అలాగే ఉంది. అందులో ఆంజనేయస్వామి పటం, దాని ముందు అగరొత్తుల పుల్లలు.

మా చెల్లెలు మా ముఖం వైపు చూసింది. లోపల ఏదో భగ్గుమన్న మాట నిజం. ఖురాన్ ఉన్న చోట! అనుకున్నాం. వాళ్ల ఇంట్లో, వాళ్లు డబ్బిచ్చి కొన్న గోడలో, వాళ్ల దేవుణ్ణి పెట్టుకుంటే మాకు కోపం దేనికి? ఆ ప్రశ్న వేసుకునే లోపే టీ వచ్చింది.

సాగనంపుతూ ఆవిడ గుమ్మం దగ్గర ఆగింది. "నాయనా, మీ వాళ్ల కాలం నుంచీ ఉన్న ద్వారబంధమే కదా ఇది. పైన మధ్యలో ఏదో చెక్కి ఉండాలి. చుట్టూ తీగలన్నీ అటే పోతున్నాయి చూడండి. ఎవరు గీకేశారో మీకేమన్నా తెలుసా?"

మాకు తెలుసు. ఎవరూ చెప్పకపోయినా ఆ క్షణాన తెలిసిపోయింది. ఇలాంటి పాత గుమ్మాల మీద గజలక్ష్మి ఉంటుంది. ఏనుగుల నడుమ కూర్చున్న లక్ష్మీదేవి. బొమ్మ ఉన్న ఇంట్లోకి ఫరిష్తాలు రారని మా పెద్దల నమ్మకం. నానా ఆ ఇల్లు కొన్నాక మొదట చేయించిన పని అదే అయి ఉంటుంది.

"తెలియదమ్మా" అన్నాం.

*

గుంటూరు బస్సు కోసం అమరావతిలో దిగాలి. గంటన్నర ఖాళీ దొరికింది. పత్రికవాళ్లం కాబట్టి ఆ ఊరికి చాలాసార్లు వెళ్లాం. రాజకీయాల కోసం, పుష్కరాల కోసం, కాలచక్ర కోసం. స్తూపం దగ్గర తీరుబడిగా కూర్చున్నది మాత్రం ఆ రోజే.

ఇప్పుడు పల్నాడు జిల్లాలో చేరిన అమరావతి ఇది. 2015లో శంకుస్థాపన జరిగిన రాజధాని ఈ ఊరి పేరు తీసుకుంది గాని చోటు వేరు. మ్యూజియం పక్కన పచ్చిక నడుమ గుండ్రటి ఇటుకల దిబ్బ. ఒకప్పుడు దాదాపు 50 మీటర్ల వ్యాసంతో లేచిన మహాచైత్యంలో మిగిలింది అంతే. చైత్యాన్ని ఇల్లు అనవచ్చునా అని పండితులు అడగొచ్చు. ధాతువు కోసం కట్టిన చోటు గనుక మేము ఇల్లనే అంటున్నాం. మౌర్యుల కాలం నాటికే ఇక్కడ కట్టడం మొదలైందనటానికి శాసనపు ముక్కలున్నాయి. శాతవాహనుల కాలంలో దానికి పల్నాటి సున్నపురాయి పలకలు తొడిగారు. ఆ రాయి మా నానీ వసారాలోని నాపరాళ్లకు దూరపు చుట్టం.

ఈ ఇంటిని ఒక రాజు కట్టాడని చెప్పటానికి లేదు. పలకల మీద దాతల పేర్లున్నాయి. భిక్షుణులున్నారు, గృహస్థు స్త్రీలున్నారు, సుగంధ ద్రవ్యాలమ్మే వర్తకులున్నారు. విధికుడు అనే చర్మకారుడు ఉన్నాడు. నాగ ఉపాధ్యాయుని కొడుకు. తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఒకటి ఇచ్చాడు. ఈనాడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నం మీద కనిపించే పూర్ణఘటానికి ప్రేరణ ఆ పలకే. తోలుపని చేసుకునేవాడి కానుక సచివాలయపు ప్రతి కాగితం మీదా ఉంది. ఆ కాగితం చేతపట్టుకున్న ఎందరు తోలుపని వాడికి ఇల్లు అద్దెకిస్తారో మాకు తెలుసు, మీకూ తెలుసు.

పోనీ, ఆ ఇంట్లో మొదటివాళ్లు బౌద్ధులేనా? 1958-59లో అక్కడ తవ్వకాలు జరిపినప్పుడు స్తూపం చోటనే బృహత్ శిలాయుగపు సమాధులు బయటపడ్డాయి. మట్టి కుండల్లో మనుషుల ఎముకలు. వాళ్లకు పేర్లు లేవు, లిపి లేదు, ఏ దేవుణ్ణి కొలిచారో చెప్పే గుర్తు లేదు. 'మేమే మొదట' అనే వాదనను దాని చివరిదాకా తీసుకువెళ్తే ఈ ఊళ్లో అది ఆగేది ఆ కుండ దగ్గర. ఈ ఇల్లు మాది అనటానికి ఆ కుండలోంచి లేచి వచ్చేవాళ్లెవరూ లేరు.

ఏడో శతాబ్దంలో హ్యూయన్‌త్సాంగ్ వచ్చేనాటికే ఈ ప్రాంతపు విహారాలు చాలావరకు పాడుబడ్డాయి. ఆయన రాసి పెట్టాడు. అయినా ఇల్లు ఒక్కసారిగా ఖాళీ కాలేదు. 1344లో సింహళంలోని గడలాదెణియ రాతి మీద వేసిన శాసనం, ధర్మకీర్తి అనే భిక్షువు ధాన్యకటకంలో ఒక ప్రతిమాగృహాన్ని బాగుచేయించాడని చెబుతుంది. అంటే సముద్రం దాటి వచ్చి పైకప్పు చూసుకున్న వాళ్లు అప్పటికీ ఉన్నారు. ఆ తర్వాత నిశ్శబ్దం. మట్టి కప్పుకుంది. చుట్టుపక్కల జనానికి బుద్ధుడు గుర్తు లేడు, ధాతువు గుర్తు లేదు. ఆ దిబ్బను మాత్రం దీపాలదిన్నె అన్నారు. దీపాలు పెట్టిన చోటన్న సంగతొక్కటి గోడలో మరకలా మిగిలింది.

18వ శతాబ్దం చివర్లో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి తన నివాసం ఇక్కడికి మార్చాడు. అమరేశ్వరుడి చెంత కొత్త ఊరు కట్టాలి, వర్తకులను పిలిపించాలి. ఊరికి ఇటుకలు కావాలి. దిబ్బలో కావలసినన్ని ఉన్నాయి. దాని చరిత్ర ఆయనకు తెలియదు. నిధి ఉందన్న ఆశ కూడా కొందరికుంది. ఆ తవ్వకాల కబురు విని కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ చూసి వెళ్లాడు. 1816లో మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడిబొడ్డున చెరువు తవ్వి ఉంది. పలకలు కొన్ని గుడి కోనేటి మెట్లయ్యాయి, కొన్ని ఇళ్లల్లోకి చేరాయి, కొన్ని సున్నం బట్టీల్లో కాలిపోయాయి. మెకంజీ, ఆయన మనుషులు మిగిలినవాటికి బొమ్మలు గీశారు. ఇవాళ పోయిన పలకలు ఎలా ఉండేవో మనకు తెలిసేది ఆ కాగితాల వల్లే.

ఆ మెకంజీ రాతల్లోనే ఒక సంగతి ఉంది. దాన్ని మేము ఇరవయ్యేళ్ల కిందట చదివాం. చదివి, ఎవరికీ చెప్పకుండా పుస్తకం మూసేశాం. కొన్ని పలకలను మసీదులకు తీసుకువెళ్లారట. విగ్రహాల అంటు ఇస్లాముకు తగలకూడదని, వాటి మీది శిల్పాన్ని అంతకంటే గట్టి రాళ్లతో రుద్ది రుద్ది పూర్తిగా చెరిపేశారట. ఏ మసీదులో ఏ మెట్టు కింద ఆ పలకలున్నాయో మాకు తెలియదు. వాటి మీద పూర్ణఘటముందో, విధికుడిలాంటి ఇంకొకడి పేరుందో ఇక ఎవరూ చెప్పలేరు. చెరిపినవాళ్లు బాగానే చెరిపారు.

తెల్లవాళ్ల వంతు కూడా త్వరగా చెప్పుకుందాం. మచిలీపట్నంలో రాబర్ట్‌సన్ అనే అధికారి తన పేరున వెలసిన పేట బజారును అలంకరించుకోవటానికి ముప్పైకి పైగా పలకలు తెప్పించుకున్నాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరాయి. అక్కణ్ణుంచి 121 రాళ్లు 1859లో లండన్‌కు ఓడెక్కాయి. అక్కడ వాటికి చోటు లేక, ఫైఫ్ హౌస్ అనే భవనం తాలూకు బళ్ల కొట్టాల్లో పడి ఉంటే జేమ్స్ ఫెర్గుసన్ చూసి బయటికి తీశాడు. 1880లో బ్రిటిష్ మ్యూజియంకు వెళ్లాయి. అదే ఏడు మద్రాసు గవర్నరు ఆజ్ఞ మీద ఇక్కడి దిబ్బను శుభ్రం చేయించారు. మరుసటేడు బర్జెస్ వచ్చేసరికి గుంత మిగిలింది. లండన్‌లో ఆ రాళ్లకు చలీ తేమా తగలని అద్దాల గది 1992లో అమరింది. మన దేశంలో 1992 అనగానే గుర్తొచ్చేది వేరే కట్టడం.

*

ఈ కథను మేము మిత్రుల దగ్గర చెప్పి చూశాం. అభ్యుదయ మిత్రుడొకరు "పాతవన్నీ తవ్వుకోవటం దేనికి, అందరూ పగలగొట్టినవాళ్లే కదా" అన్నారు. మా వాళ్లలో ఒక పెద్దాయన, మసీదు కమిటీలో ఉన్నాయన, "అప్పుడెవరో చేసినదానికి మనకేం సంబంధం బేటా? రాజా గారు చెరువు తవ్వించినదానికి ఆయన కులం వాళ్లను ఎవరైనా అడుగుతున్నారా?" అన్నారు. రెండో మాటలో నిజముంది. వెంకటాద్రి నాయుడి పేరు ఈ ప్రాంతంలో గౌరవంగానే పలుకుతారు. గుళ్లు కట్టించిన రాజుగా పలుకుతారు. మేము కూడా ఆయన్ని దోషిగా నిలబెట్టటం లేదు. అడిగేవాళ్లు మమ్మల్నే అడుగుతారన్నది మాత్రం ఈ దేశంలో రోజూ చూస్తున్న సంగతి.

అందుకే ఇది రాయటానికి భయం వేసింది. అధికారం ఉన్నవాడు తన తాత తప్పు చెప్పుకుంటే ఉదారత అంటారు. మాలాంటి వాళ్లం చెప్పుకుంటే సాక్ష్యం అంటారు. మా నానా గజలక్ష్మిని చెక్కేశాడని ఇక్కడ రాస్తే రేపు ఆ వాక్యాన్ని ఎవరు కత్తిరించి ఎక్కడ అతికిస్తారో మాకు తెలియదు. 1991 నాటి ప్రార్థనా స్థలాల చట్టం, అయోధ్యను మినహాయించి, 1947 ఆగస్టు 15 నాటికి ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచమంది. ఆ చట్టం వైపే మేము నిలబడతాం. ప్రతి గోడ కిందా తవ్వుకుంటూ పోతే అమరావతిలో ఎముకల కుండ దగ్గర తేలినట్టే తేలుతుంది గాని, ఆ లోపల ఎన్ని కొత్త ఎముకలు పోగవుతాయో 1992 డిసెంబరు తర్వాత చూశాం. కానీ తవ్వొద్దు అంటే చెప్పొద్దు అని అర్థమా? ఆ రెంటినీ మేము ఇన్నాళ్లూ ఒకటిగానే చూశాం. మా అభ్యుదయ మిత్రులూ అలాగే చూశారు.

మాకు తోచింది చెబుతాం. ఉర్దూలో రెండు మాటలున్నాయి, ఖుసూర్, జవాబ్. నానా చేసిన పనిలో మా ఖుసూర్ లేదు. మేము పుట్టనే లేదు. మసీదు మెట్ల కింద చేరిన పలకల విషయంలో అసలే లేదు. ఆ పేరుతో మా ఇల్లు కూల్చటానికి, మాకు ఇల్లు నిరాకరించటానికి ఎవరికీ హక్కు రాదు. జవాబు సంగతి వేరు. ఆ గుమ్మం కింద మేము తిరిగాం, ఆ నున్నటి చోటును తడిమి ఆడుకున్నాం. ఒక ముసలావిడ మర్యాదగా అడిగింది. అడిగింది కూలగొట్టటానికి కాదు, తెలుసుకోవటానికి. అప్పుడు తెలియదనటం అబద్ధం. నానా ఆ పైకమ్మిని ఒకసారి చెరిపాడు. మేము రెండోసారి చెరిపాం.

ఇంకో సంగతి కూడా ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడే తట్టింది. గూట్లో ఆంజనేయుణ్ణి చూసి మండిపోయిన మాకు, దీపం తీసి ఖురాన్ పెట్టినందుకు నానీ మీద ఎప్పుడైనా కోపం వచ్చిందా? రాలేదు. ఆ ఇంట్లో అంతకు ముందు దీపం పెట్టిన ఆడమనిషి ఎవరో, వదిలి వెళ్లేటప్పుడు ఆ గూటి వైపు ఎలా చూసిందో మేమెప్పుడూ ఊహించలేదు. మా జ్ఞాపకం మొదలైన చోట ఇంటి చరిత్ర మొదలైందని అనుకున్నాం. మమ్మల్ని బయటివాళ్లనేవాళ్లు చేసేదీ ఇంతకంటే వేరు కాదు. వాళ్ల జ్ఞాపకం ఎక్కడ మొదలవ్వాలో వాళ్లు నిర్ణయించుకుంటారు. కొండవీడు సంగతే చూడండి. అద్దంకి నుంచి వచ్చిన రెడ్లు, ఆ తర్వాత గజపతులు, 1515లో కృష్ణదేవరాయలు, ఆ శతాబ్దం చివర గోల్కొండ కుతుబ్‌షాహీలు అక్కడున్నారు. ఈ సీమకు ముర్తజానగర్ అని పేరొచ్చింది. 1788లో గుంటూరు సర్కారు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. ఇప్పుడు ఉత్సవాలప్పుడు ఈ వరుసలో ఎవరి పేరు వినిపిస్తుందో, ఎవరి పేరు వినిపించదో పత్రికల్లో మేమే రాస్తుంటాం. మాకంటే ఎవరికి బాగా తెలుసు?

ఇక మా వాళ్ల అలవాటు ఒకటుంది. ఎవరైనా మమ్మల్ని పరాయివాళ్లంటే చాలు, సర్టిఫికెట్లు తీస్తాం. పొన్నెకల్లులో పుట్టి పల్నాటి వీరచరిత్రను ఊరూరా బుర్రకథగా చెప్పిన షేక్ నాజర్ పేరు చెబుతాం. కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడి నాదస్వరం ఊదిన షేక్ చిన మౌలానా పేరు చెబుతాం. ఇద్దరూ మహానుభావులు. ఇద్దరికీ పద్మశ్రీలు వచ్చాయి. కానీ రెండు గదుల వాటా అద్దెకు తీసుకోవటానికి చిన మౌలానా అంతటి వాడి సిఫారసు దేనికి? నాదస్వరం రాని సాయిబు ఎక్కడుండాలి? మంచితనం రుజువు చేసుకుంటేనే ఇల్లు దొరుకుతుందన్న మాట ఎంత తప్పో, తాతల తప్పులు దాచుకుంటేనే ఇల్లు నిలుస్తుందన్న మాటా అంతే తప్పు. మేము ఈ రెండో తప్పులో ఉన్నాం.

*

గుంటూరు చేరాక పెద్దమామూకు ఫోన్ చేశాం. ఆయనకు ఎనభై దాటాయి, వినికిడి తగ్గింది. రెండుసార్లు అడిగాక నవ్వాడు. అవును, గజలక్ష్మే అన్నాడు. నానా మొదట ఊరి వడ్రంగిని పిలిచాడట. ఆయన ఆ పని తన చేత్తో చేయనన్నాడట. కావాలంటే ద్వారబంధం మొత్తం మార్చి కొత్తది చేసిస్తానన్నాడట. అంత డబ్బు లేదు. చివరికి నానానే ఆయన దగ్గర ఉలి, చిత్రిక అడిగి తెచ్చుకుని, నిచ్చెన వేసుకుని రెండు రోజులు చెక్కాడట. కలం పట్టే చెయ్యి. అందుకే ఆ చోటు అంతా ఒక్క తీరుగా లేదు. రాలిన పేళ్లను నానీ పొయ్యిలో పెట్టనివ్వలేదట. కొంగులో మూటగట్టి తీసుకెళ్లి కాలవలో వదిలిందట. ఈ సంగతి మామూకు అరవై ఏళ్లుగా తెలుసు. మేము అడిగేదాకా ఎవరికీ చెప్పలేదు.

ఫోన్లో ఆవిడకు చెప్పేద్దామంది చెల్లెలు. మాకు అది ఫోన్లో చెప్పే మాటలా అనిపించలేదు. మార్చిలో మిరపకాయలు కల్లాల మీద ఉన్నప్పుడు మళ్లీ వెళ్లాం. ఆవిడ వసారాలో కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. గుమ్మం కింద నిలబెట్టి, మామూ చెప్పింది చెప్పినట్టు చెప్పాం. వడ్రంగి కాదన్న మాట కూడా దాచలేదు. పోయినసారి అబద్ధం చెప్పామని కూడా అన్నాం.

ఆవిడ తలెత్తి పైకమ్మి వైపు చాలాసేపు చూసింది. "నేను వేణుగోపాలస్వామి అయి ఉంటాడనుకున్నా" అంది. తర్వాత, "మరి మీ ఖురాను ఎక్కడ పెట్టుకునేవాళ్లు?" అని అడిగింది.

మా చెల్లెలు గూడు చూపించింది.

ఆవిడ ఆ గూటి వైపు, అందులోని పటం వైపు చూసి కాసేపు ఏమీ అనలేదు. కారం చేతులు కొంగుకు తుడుచుకుంది. మమ్మల్ని కూర్చోమని చెప్పి, టీలో పంచదార ఎంత వేయమంటారని అడిగింది.